ఆరు వారాలు నా బదులు ఎవరు? డబ్బు ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే కాంట్రాక్టు మీద డేటాబేస్ పనులు చూస్తున్నాను. నెలకు లక్షన్నర బిల్లు. 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని 45 రోజులకు ఇస్తారు. వచ్చే నెల నడుము డిస్క్‌కు ఆపరేషన్, ఆరు వారాలు పని చేయొద్దన్నారు. ఎవరినైనా పెట్టి వెళ్లమంటున్నారు క్లయింట్. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేసే మిత్రుడు నెలకు 60 వేలకు చేస్తానంటున్నాడు. కాజీపేటలో నాలాగే సొంతంగా పని చేసుకునే జూనియర్ లక్షా 20 వేలు అడుగుతున్నాడు. ఇంటి ఖర్చు 70 వేలు, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 15 వేలు, ఎఫ్‌డీ 3 లక్షలు ఉన్నాయి. మిత్రుణ్ని పెట్టి, మిగిలిన డబ్బుతో ఇల్లు గడుపుకోవచ్చా?

జవాబు: ముందు ఆపరేషన్ బాగా జరగాలని కోరుకుంటున్నాను. మిత్రుడి సంగతి మాత్రం మరచిపోండి. చాలా కంపెనీల అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే బయటి పని చేయకూడదని ఉంటుంది. దొరికితే ఆయన ఉద్యోగానికే ఎసరు. పైగా పగలు పదకొండింటికి సర్వర్ ఆగిపోతే, తన ఆఫీసు మీటింగ్ వదిలి మీ క్లయింట్ ఫోన్ ఎత్తలేడు. మీరు కాపాడుకోవాల్సింది ఆరు వారాల ఆదాయాన్ని కాదు, ఏడో వారం నుంచి వచ్చే ఏడాదికి 18 లక్షల పనిని.

కాబట్టి జూనియరే సరైన మనిషి. అయితే ఆయనకు డబ్బు మీరివ్వకండి, క్లయింట్‌నే నేరుగా ఇమ్మనండి. ఎందుకంటారా? మీ ద్వారా ఇస్తే ఆరు వారాల బిల్లు 2,25,000లో టీడీఎస్ పోను చేతికొచ్చేది 2,02,500. జూనియర్‌కు 1,80,000 పోతే మిగిలేది 22,500. టీడీఎస్ 22,500 రిటర్న్ వేశాకే తిరిగొస్తుంది. బిల్లంతా మీ రాబడిలోనే లెక్కకొస్తుంది. రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపించే పద్ధతిలో మీరు రిటర్న్ వేస్తుంటే, జూనియర్‌కు ఇచ్చింది మిగతా సగంలోనే కలిసిపోతుంది, ఖర్చుగా విడిగా తీసేయడం కుదరదు. అన్నిటికంటే పెద్ద చిక్కు బాధ్యత. ఆయన పొరపాటున డేటాబేస్‌లో ఒక టేబుల్ (సమాచార పట్టిక) చెరిపేస్తే, మంచం మీదున్న మీరే క్లయింట్‌కు జవాబు చెప్పాలి. చేతిలో మిగిలేది, టీడీఎస్ రెండూ కలిపి 45 వేల కోసం ఆ టెన్షన్ అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

నోటిమాట మీద వెళ్లొద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 40వ సెక్షన్ ప్రకారం, ఫలానా మనిషే పని చేయాలన్నది ఒప్పందం ఉద్దేశమైతే ఆయనే చేయాలి. మిమ్మల్ని చూసి ఇచ్చిన పని కాబట్టి క్లయింట్ ఒప్పుకోలు రాతలో ఉండాలి. ముగ్గురికీ ఒకే మెయిల్ పెట్టండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జూనియర్ చూస్తారు, బిల్లు ఎవరి పేరుతో, మీ కాంట్రాక్టు రద్దు కాలేదు, ఆగింది మాత్రమే, ఫలానా రోజు మీరు తిరిగొస్తారు. జూనియర్‌కు ఆయన పేరుతోనే లాగిన్ ఇప్పించండి, మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. రాత్రి రెండింటికి బ్యాకప్ ఫెయిలైతే వచ్చే అలర్ట్ ఇప్పుడు మీ ఫోన్‌కే వస్తుంటుంది. అది ముందే ఆయన నంబర్‌కు మార్చకపోతే, ఆపరేషన్ రోజు రాత్రి మీ దిండు పక్కనే మోగుతుంది.

క్లయింట్‌ను ఆయనే లాగేసుకుంటే అన్న భయం సహజం. కానీ ‘వీళ్ల దగ్గర ఎప్పటికీ పని చేయను’ అని రాయించుకున్నా, అదే చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడటం కష్టం. దానికన్నా మీరు తిరిగొచ్చే తేదీ క్లయింట్ దగ్గర రాతలో ఉండటం మేలు. డాక్టర్ సరేనంటే, నాలుగో వారం నుంచి వారానికోసారి ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. పని అప్పగించే మొదటి వారం జూనియర్ మీ పక్కన కూర్చోవాలి. ఆ వారానికి 30 వేలు మీ జేబులోంచే ఇవ్వండి, బేరమాడకండి.

ఇక ఇల్లు. 45 రోజుల బిల్లు కాబట్టి, మీరు సెలవులో ఉన్నన్నాళ్లూ అంతకుముందు చేసిన పని డబ్బు వస్తూనే ఉంటుంది. అసలు ఎండిపోయేది మీరు లేచి మళ్లీ పనిలో కూర్చున్నాక వచ్చే ఆరు వారాలు. చాలామంది ఇక్కడే తడబడి పర్సనల్ లోన్ తీసుకుంటారు. సెలవులో వచ్చిన దాంట్లోంచి ఇంటి ఖర్చు పోను మిగిలింది కదపకండి. సిప్‌ను మూడు నెలలు ఆపండి. ఎఫ్‌డీని ఆస్పత్రి ఖర్చుకు, ఆ ఎండు నెలలకు ఉంచండి.

ఆరోగ్య బీమా పాలసీని ఈ రోజే తీసి చూడండి. చాలా పాలసీల్లో డిస్క్ ఆపరేషన్‌కు రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా ఆ ఖర్చు బీమా ఇవ్వదు. మీది అంతకన్నా కొత్తదైతే బిల్లంతా ఆ 3 లక్షల మీదే పడుతుంది. అప్పుడు ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రి దగ్గర అంచనా రాయించుకుని నాకు మళ్లీ రాయండి, లెక్క కొత్తగా వేద్దాం.