ఈఎమ్‌ఐ టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే ముందు ఏం చేయాలి?

ఉద్యోగం పోయి రెండు ఈఎమ్‌ఐలు ఆగాయి, రాత్రంతా అదే ఆలోచన, ముందు మనసును కుదుటపరచుకోవాలా, అప్పు సంగతి చూడాలా అని అడిగారు. రెండూ కలిపే చేయాలి. మనసు కుదుటపడేదాకా వడ్డీ ఆగదు కదా!

రాత్రి రెండింటికి వచ్చే ఆలోచనకు ఆ టైమ్‌లో జవాబు దొరకదు, బ్యాంకు తెరిచి ఉండదు. దిండు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. "ఇల్లు జప్తు చేస్తారేమో" అనిపిస్తే ఆ ఒక్క వాక్యం రాసి మూసేయండి. మర్నాడు సాయంత్రం ఓ 20 నిమిషాలు దానికే కేటాయించి తెరవండి. రేపు నేను చేయగలిగే పని ఇందులో ఉందా అన్నది ఒక్కటే చూడండి. "పరువు పోతుందేమో" అన్నదాంట్లో పనేమీ లేదు, కొట్టేయండి. అది మళ్లీ వస్తుంది, రానివ్వండి. తరిమేకొద్దీ ఇంకా పట్టుకుంటుంది. "ఈఎమ్‌ఐ ఎలా" అన్నదాంట్లో మాత్రం చేయగలిగే పని ఉంది. బ్రాంచికి వెళ్లి, గడువు పెంచి వాయిదా తగ్గించమని అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒప్పుకోకపోవచ్చు, అయినా అడిగినట్టు కాగితం మీ దగ్గర ఉంటుంది.

ఫోన్ మోగితే గుండె దడ అన్నారు. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే తేదీ, టైమ్ రాసుకుని బ్యాంకుకు ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఒక్కసారైనా బతకాలని లేదనిపించినా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.