ఖాళీ బండే వానలో ఎక్కువ జారుతుంది

తమ్ముడూ, పది టైర్ల లారీ ఎక్కి రెండు నెలలే అయిందని, జగ్గయ్యపేట నుంచి గుంటూరుకి సిమెంటు తోలుతున్నానని రాశావు. వాన పడితే లోడుతో రావాలంటే టెన్షన్‌గా ఉంటుందని, ఖాళీగా తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం భయం లేదని అన్నావు. నన్ను కంగారు పెట్టింది ఆ చివరి మాటే.

ఇరవై ఏళ్లు దాటింది నేను విజయవాడ ఆటోనగర్ బళ్ల మీద తిరగబట్టి. వానలో నా బండి అదుపు తప్పింది ఒక్కసారే. అప్పుడది ఖాళీ. గుంటూరులో దింపేసి వెళ్తున్నాను. కంచికచర్ల దాటాక సన్నటి జల్లు మొదలైంది. గేదెలు అడ్డం వచ్చేసరికి బ్రేకు గట్టిగా తొక్కేశాను. ఇంజను పొగ దారి మూసి వెనక చక్రాల వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్ కూడా ఆన్‌లోనే ఉంది. కుడి అద్దంలో మామూలుగా సన్నటి గీతలా కనిపించే బాడీ, పలకలు లెక్కపెట్టేంత వెడల్పుగా కనిపించింది. వెనక టైర్లు తిరగడం లేదు, జారుతున్నాయి. కాలు తీసేసి, వెనక ఎటు పోతోందో స్టీరింగ్ అటే కొద్దిగా తిప్పాను. బండి సర్దుకునే లోపు గేదెలు దాటిపోయాయి కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి తడి రోడ్డు మీద ఖాళీ బండికి ఎగ్జాస్ట్ బ్రేకు వాడను.

లోడు ఉంటే ఆ బరువు వెనక టైర్లను రోడ్డుకి నొక్కి పట్టి ఉంచుతుంది. ఖాళీ అయితే ఆ పట్టు ఉండదు, కొంచెం గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోతాయి. చక్రాలు అలా బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ నా పాత బండికి లేదు. నీ దానికి ఉంటే, డాష్‌బోర్డులో ఆ లైటు ఆరిపోతోందో లేదో రోజూ చూసుకో. వెలుగుతూనే ఉంటే అది పనిచేయడం లేదని లెక్క.

కుండపోత కన్నా మొదటి పావుగంట జల్లే ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి జారుడుగా తయారవుతాయి. గట్టి వాన అదంతా కడిగేస్తుంది. అందుకని మొదటి చినుకు అద్దం మీద పడగానే స్పీడు తగ్గించెయ్. 60లో వెళ్తుంటే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎయిర్ బ్రేకు తొక్కాక గాలి చక్రాల దాకా చేరడానికే కొంత టైం పడుతుంది కదా, ఆ కాసేపు కూడా బండి పోతూనే ఉంటుంది. 30కి దించితే బ్రేకు పట్టాక సాగే దూరం నాలుగో వంతుకి వస్తుంది. మలుపుకి ముందే గేరు దించు, మలుపులో బ్రేకు ముట్టుకోకు. నీళ్లలోంచి బయటికి వచ్చాక చిన్న గేరులో కాసేపు మెల్లగా బ్రేకు పట్టి వదులుతూ వెళ్తే తడిసిన బ్రేకు డ్రమ్ములు ఆరతాయి.

లోడుతో ఉన్నప్పుడు నీ భయం వేరే చోట ఉండాలి. అది రోడ్డు మార్జిన్. గుంటూరు వైపు నల్లరేగడి నేల, వాన నీళ్లు తాగితే పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ చక్రం పడగానే దిగబడిపోతుంది. ఎదుటివాడికి సైడ్ ఇవ్వాలన్నా, పట్టా తాళ్లు బిగించుకోవాలన్నా ఎడమ టైర్లు తారు దిగనివ్వకు. తాళ్లు చూసుకోవడానికి బంకులోనో, టోల్ గేటు దగ్గర లారీలు నిలిపే చోటో ఆపుకో.

నందిగామ దగ్గర ఐతవరం నీ దారిలోనే ఉంది. 2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద అక్కడ 65వ నంబరు హైవే మీదకి వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. రెండోసారి నేను అటు వెళ్లాల్సిన లోడు ఉండి కూడా బయల్దేరలేదు. పారే నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో క్యాబిన్‌లోంచి తెలీదు. పైగా ఖాళీ బండిని ప్రవాహం పక్కకి తోసేస్తుంది. ముందు లారీ దాటింది కదా అని దిగకు.

ఇలాంటప్పుడు ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. కుర్రాడివి, ఎదురు చెప్పడం కష్టమని నాకు తెలుసు. ముందు బండి పక్కకి ఆపుకో. రోడ్డు మీద నీళ్లు కనిపించేలా ఫోటో తీసి పంపించు, ఆ తర్వాతే ఫోన్ ఎత్తు. అయినా వెళ్లమంటే ఆ ఓనరు దగ్గర మానెయ్ తమ్ముడూ. హెవీ లైసెన్స్ ఉన్న డ్రైవరుకి ఆటోనగర్‌లో బండి దొరకడం కష్టం కాదు.