పాత పికప్ ఎనక ట్రాలీ కడితే బ్రేకులు ఆగుతయా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది నర్సంపేట దగ్గర ఊరు. 2009 మోడల్ బొలెరో పికప్ ఉంది, మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలుత. ఈ ఏడు రెండు చక్రాల ట్రాలీ కూడా తగిలిస్తున్న. బ్రేకు కొడితే బండి జల్ది ఆగుతలేదు, ట్రాలీ ఎనకనుంచి నూకుతుంది. ఎనక డ్రమ్ములు తీసేసి డిస్కులు ఎక్కియ్యి, పెద్ద బూస్టర్ ఎయ్యి అంటున్నరు. ఏం చేయాలె?

జవాబు: తమ్ముడూ, డిస్కుల మీద ఇప్పుడే పైసలు పెట్టకు. ట్రాలీ నూకుతుంది అన్నవు కదా, అసలు సంగతి ఆ మాటలనే ఉంది. 40 కిలోల బస్తాలు 20 ఏస్తే 800 కిలోలు, ట్రాలీ ఇనుము బరువు వేరే, అదంత నీ పికప్ నాలుగు టైర్లే ఆపాలె. డిస్కు ఎంత పెద్దది పెట్టినా రోడ్డును పట్టుకునేది టైరే కదా. అందుకే ట్రాలీకి దాని సొంత బ్రేకు ఉండాలె, ముందు దాని మీద ఖర్చు పెట్టు. ఓవర్‌రన్ బ్రేకని ఉంటది, నువ్వు బ్రేకు కొట్టంగనే ట్రాలీ ముందుకొస్తది చూడు, ఆ నూకుడుకే హుక్కు కాడ రాడ్డు లోపలికి పోయి ట్రాలీ చక్రాలకు బ్రేకు పడతది. కరెంటు బ్రేకులు కూడా ఉన్నయి, వాటికి క్యాబిన్‌ల కంట్రోలర్ కావాలె.

ఇగ బండి సంగతి. డ్రమ్ములు విప్పించు, విప్పేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. డ్రమ్మును లోపలినుంచి ఒత్తి పట్టే లైనర్లు తడితడిగ మెరుస్తున్నయంటే యాక్సిల్ నూనెను ఆపే సీలన్నా పోయింది, లైనర్లను నూకే వీల్ సిలిండరన్నా లీకైతుంది. నా పాత బండికి ఒక గ్యారేజీల లైనర్లు కొత్తయి ఏసిన్రు గని సీలు మార్చలె, నెల తిరగకముందే ములుగు రోడ్డు మీద బ్రేకు కొడితే బండి కుడిపక్కకు గుంజింది, విప్పి చూస్తే ఎడమ పక్క లైనరు నూనెల ముంచి తీసినట్టుంది. కిరసనాయిలుతోని కడుగుతె పోతదన్నరు, పోదు తమ్ముడూ, పీల్చుకున్న నూనె వేడెక్కంగనే మళ్ల బయటికొస్తది. సీలు మార్చి, రెండు పక్కల లైనర్లు కొత్తయి ఎయ్యాల్సిందే.

ఇంకోటి, లోడు కోసమని కమాన్ కట్టకు ఎక్స్‌ట్రా పట్టీ ఏయించినవా? కొన్ని పికప్‌లకు ఎనక యాక్సిల్ కాడ రాడ్డుతోని ఒక వాల్వు ఉంటది, లోడుకు బాడీ కిందికి దిగితేనే అది ఎనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ ఇస్తది. పట్టీ ఏసి బాడీ లేపినవంటే దాని లెక్కల బండి ఖాళీగనే ఉన్నట్టు, ఎనక బ్రేకు తక్కువ పనిచేస్తది. దాన్ని కచ్చితంగ సెట్ చేపియ్యి.

బ్రేక్ ఆయిల్ ఎన్నడు మార్చినవో యాదికుందా? డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, అదే తేమ పీల్చుకుంటే 155 దాకా పడిపోవచ్చు, అది మరిగిందంటే బుడగలొచ్చి పెడల్ కింది దాకా దిగిపోతది. ఆయిల్ మొత్తం మార్చి ఎయిర్ తీపియ్యి, రబ్బరు హోస్ పైపులు 2009వే ఉంటే అవి కూడా మార్పియ్యి.

బూస్టర్ పెడల్ మీద కాలు పెట్టాల్సిన బలం తగ్గిస్తది అంతే. ఉన్నది మంచిగుందో లేదో ఇంట్లనే చూసుకోవచ్చు, ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చెయ్యి, పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. దిగకపోతే వాక్యూమ్ పంపు, పైపు చూపియ్యి. ఎనక డిస్కులంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నూకే మాస్టర్ సిలిండర్ కూడా మార్చాల్సి రావచ్చు, హ్యాండ్ బ్రేకుకు వేరే ఏర్పాటు కావాలె, అంత చేసినా ట్రాలీ నూకుడు ఆగదు.

అప్పటిదాకా ట్రాలీతోని 40 దాటకు, 60 మీద ఆపాలంటే బ్రేకుల మీద పడే వేడి రెండింతల కంటె ఎక్కువ. దిగుడు మీద న్యూట్రల్ అసలే ఎయ్యకు. ట్రాలీకి రిజిస్ట్రేషన్ ఉందా లేదా అది కూడా చూసుకో.

డ్రమ్ము మీద మ్యాక్స్ అని ఒక కొలత పోత పోసి ఉంటది, విప్పినప్పుడు అదెంతుంది, లోపల ఇప్పుడెంత అరిగింది, వేడికి వచ్చిన నీలం మచ్చలున్నయా, ఈ మూడు రాసి పంపు, లేత్ ఎక్కించాల్నా కొత్తదే కొనాల్నా వచ్చేసారి చెప్త.