తుప్పు రేకుల కంచెకు పచ్చటి తెర

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంటి పక్క సందు వెడల్పు నాలుగున్నర అడుగులే. పక్కవాళ్లు వేసుకున్న ఇనుప రేకుల కంచె 6 అడుగుల ఎత్తు, 30 అడుగుల పొడవు, మొత్తం తుప్పు పట్టిపోయింది. వంటింటి కిటికీ తీస్తే కనపడేది అదే. ఎండ పదకొండు నుంచి మూడింటి దాకా పడుతుంది. మావారు అశోక చెట్లు వేద్దామంటున్నారు, నర్సరీలో కోనోకార్పస్ పట్టుకెళ్లమన్నారు, మా అత్తయ్యగారికేమో పూజకు పూలు కావాలి. ఏం వేయమంటారు?

జవాబు: ముందు ఆ రెండు చెట్లూ మర్చిపోండమ్మా. మీకు కప్పాల్సింది 6 అడుగులు. అశోక 30 అడుగులు దాటి పోతుంది, సందులో నీడకి కింది ఆకు పల్చబడి రేకులు మళ్లీ కనపడతాయి, పైగా మన బంకమట్టి వానకి నానిపోయి ఉన్నప్పుడు తుపాను గాలి వచ్చిందంటే ఒరిగేది మీ గోడ మీదకే. కోనోకార్పస్ వేళ్లు నీళ్లు వెతుక్కుంటూ డ్రైనేజీ గొట్టాల్లోకీ సెప్టిక్ ట్యాంకులోకీ దూరతాయి, ఇంటి పక్కన అస్సలు వద్దు.

ఇంత ఇరుకులో తీగే దారి. కానీ తీగని రేకుల మీదకి నేరుగా పాకించకండి. రోహిణి కార్తెలో ఆ రేకు మీద చెయ్యి పెట్టి చూడండి, లేత చిగుళ్లు ఎందుకు మాడిపోతాయో తెలుస్తుంది. కంచెకి అర అడుగు ఇవతల, మీ స్థలంలోనే సన్నటి సిమెంటు స్తంభాలు పాతించి ఇనుప జాలీ బిగించండి. సరుగుడు కర్రలు చవకే గానీ తడిమట్టిలో తొందరగా పుచ్చిపోతాయి. వాళ్ల రేకులకి మేకు కూడా కొట్టొద్దు, రేపు వాళ్లు రేకులు మార్చుకున్నా మీ తీగ కదలకూడదు కదా.

మన నేలలో గొయ్యి తీసి మొక్క పెడితే వానాకాలంలో అది చిన్న బావి అయి కూర్చుంటుంది, వేరు కుళ్లేది అక్కడే. అందుకని జాలీ పొడవునా అడుగు వెడల్పు, అడుగు ఎత్తున ఇటుకలతో తొట్టిలా కట్టించి, తొట్టి కింద సిమెంటు చేయకుండా మట్టినే ఉంచి, ఇటుకల మధ్య నీళ్లు పోయే సందులు వదలండి. అందులో మీ మట్టి, ఇసుక, బాగా మాగిన గెత్తం సమపాళ్లలో కలిపి నింపండి. చూరు నీళ్లు సరిగ్గా తొట్టిలోనే పడుతుంటే ముందు దాన్ని మళ్లించండి.

ఇక తీగలు. ఎక్కువ భాగానికి కర్టెన్ క్రీపర్ వేయండి, కడియం నర్సరీల్లో దొరుకుతుంది. దీనికి పట్టుకునే నులితీగలుండవు, కాడల్ని పైదాకా మీరే కట్టి తీసుకెళ్లాలి, తర్వాత జడల్లా కిందకి దిగి నిండుగా కప్పేస్తుంది. నాలుగడుగులకొకటి చాలు. వీధి వైపు చివర ఎండ కాస్త ఎక్కువుంటుంది కాబట్టి అక్కడ సన్నజాజి పెట్టండి, అత్తయ్యగారికి పూజకీ జడలోకీ పూలుంటాయి. రాధామనోహరం అందమే, సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి, ఆపై ఎర్రబడుతుంది, కానీ దాని బరువుకి జాలీ వంగిపోతుంది, గేటు దగ్గర గట్టి పందిరి ఉంటే అక్కడ వేసుకోండి. కాగితం పూలు ఈ సందుకి పనికిరావు, నడిచేటప్పుడు ముళ్లు గీసుకుంటాయి.

ఇవి అల్లుకోవడానికి ఏడాది పడుతుంది. ఈలోగా శంఖుపూల గింజలు రాత్రి నానబెట్టి మధ్యమధ్య వేయండి, రెండు మూడు నెలల్లో జాలీ పచ్చబడుతుంది, శివపూజకి పూలూ వస్తాయి. కిటికీ ఎదురుగా మాత్రం తీగబచ్చలి వేసుకోండి, కందాబచ్చలికి ఆకు చెయ్యి చాపి కోసుకోవచ్చు!

తొలకరి పడ్డాక నాటండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఎండాకాలంలో, కాలువలు కట్టేసిన రోజుల్లో జాజి ఆకుల అంచులు మాడతాయి, ఆ మొక్కకైనా తాగునీళ్లు పోయండి. పిండినల్లి కనపడితే లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. నవరాత్రులు దాటాక ఒకసారి, సంక్రాంతి అయ్యాక ఒకసారి కత్తిరిస్తే సందులోకి రాకుండా జాలీకే అంటుకుని ఉంటుంది, అవతలికి పాకిన కొమ్మల్ని మాత్రం పక్కవాళ్లు అడక్కముందే మీరే కోసేయండి.