నెలనెలా ‘ఉత్తమ ఉద్యోగి’ బహుమతి ఇస్తే సిబ్బందిలో ఉత్సాహం పెరుగుతుందా?

మీది ఇరవై మందిలోపు ఉన్న చిన్న సంస్థ అనీ, ప్రతి నెలా ఒకరికి బహుమతి ఇస్తే పనిలో హుషారు వస్తుందా అనీ అడిగారు. తప్పకుండా వస్తుంది. అయితే దేనికి బహుమతి ఇస్తారో జనం ఆ పనే చేస్తారు, మిగతావి మూలపడతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో ఫ్లోర్ మేనేజరుగా ఉంటూ దీన్ని దగ్గరగా చూశాను.

నేను చేరేనాటికే అక్కడ నెలలో ఎక్కువ అమ్మినవారికి షీల్డు ఇచ్చే పద్ధతి ఉంది. కంచిపట్టు కౌంటర్‌లో ఒక్క పెళ్లి బేరం తగిలితే చాలు, నూలు చీరల దగ్గర వారమంతా నిలబడ్డా రానంత బిల్లు అవుతుంది. దాంతో గోడ మీద ఫొటో ఎప్పుడూ పట్టు కౌంటర్ వాళ్లదే. ఆషాఢం సేల్ రద్దీలో మరీ అన్యాయం. ఒక అమ్మాయి గంటసేపు గద్వాల చీరలు చూపిస్తుంటే, తీరా కొనే సమయానికి పక్కవాళ్లు వచ్చి ఆ బేరాన్ని తమ పేరు మీద బిల్లు చేయించుకునేవారు. పరిచిన చీరలు కుప్పలుగా పడి ఉండేవి. మడతపెడితే షీల్డు రాదు కదా!

యజమానిని ఒప్పించి ఆ పద్ధతి మార్పించాను. అమ్మకాల ఇన్సెంటివ్‌ను జీతంలో కలిపేశాం. బహుమతికి మాత్రం తోటివారే పేరు చెప్పాలి, ఏం చేశారో కూడా చెప్పాలి. ‘బాగా పనిచేస్తుంది’ అంటే చెల్లదు. అలా ముందుగా వచ్చిన పేరు ప్యాకింగ్‌లో ఉండే ఒక పెద్దామెది. పెళ్లివారు ఎంచుకున్న పట్టుచీర కొంగులో జరీ పోగు తెగి ఉండటం ఆమె కంటపడింది. ఇంకొకరైతే పెట్టెలో సర్ది పంపేసేవారు. మర్నాడు షట్టరు ఎత్తకముందే అందరి ఎదుటా ఆ సంగతి చెప్పాం. ఆనాటి నుంచి ప్యాకింగ్‌లో మిగతావాళ్లు కూడా చీర పూర్తిగా విప్పి, లైటు కింద చూసిగానీ సర్దడం లేదు.

1973లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెప్పర్ బృందం చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలకు తర్వాత బొమ్మలు వేయడం మీద ఆసక్తి తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవారికి తగ్గలేదు. అందుకే ముందే ఆశపెట్టకుండా, మంచి పని కనబడితే అప్పటికప్పుడే మెచ్చుకోండి, నెలాఖరు దాకా ఆగవద్దంటాను.

ఇక ఏమివ్వాలి? నగదు ఇస్తే అది జీతంతో కలిసి పన్ను లెక్కలోకి వెళ్తుంది, ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. మా వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్నది ఆదివారం సెలవు. బట్టల దుకాణంలో పనిచేసేవారికి పిల్లలు ఇంట్లో ఉండే రోజే దొరకదు. మీ దగ్గర అలా దొరకనిది ఏముందో వాళ్లనే అడగండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను: ఎవరూ నొచ్చుకోకూడదని వంతులవారీగా మాత్రం ఇవ్వకండి. తగిన పేరు రాని నెలలో ఎవరికీ ఇవ్వకుండా వదిలేయండి. మేమూ అలాగే చేస్తున్నాం, ఎవరూ తప్పుపట్టలేదు.