రుద్దేకొద్దీ పెరిగే నలుపు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొడల మధ్య, గజ్జల్లో, జననాంగాల దగ్గర చర్మం బాగా నల్లగా ఉంది. శనగపిండిలో నిమ్మరసం కలిపి రోజూ రుద్దుతున్నాను, మంట తప్ప మార్పు లేదు. మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే రెండు వారాలు తగ్గి, మానేయగానే మళ్లీ వచ్చింది. మూడు నెలల్లో పెళ్లి. ఆయన నన్ను అనుమానిస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. ఈ రంగుకీ, శారీరక సంబంధాలకీ ఏ సంబంధమూ లేదు. జననాంగాల చర్మం మిగతా ఒంటికంటే ముదురు రంగులో ఉండటం ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా సహజం. యుక్తవయసులో హార్మోన్లు పెరిగినప్పుడు అక్కడ చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. గర్భం దాల్చినప్పుడు ఇంకాస్త ముదురుతుంది కూడా. అది జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

తొడల మధ్య, గజ్జల్లో వచ్చిన నలుపు సంగతి వేరు. నడిచినప్పుడల్లా చర్మం చర్మానికి రాసుకుంటుంది. చెమట, బిగుతైన లెగ్గింగ్స్, లోదుస్తుల ఎలాస్టిక్ దానికి తోడవుతాయి. ఒరిసిన చోట చర్మం తనను కాపాడుకోవడానికి మందమై, రంగును పోగేసుకుంటుంది. మీరు శనగపిండితో చేస్తున్నదీ ఇంకో ఒరిపిడే. పైగా నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 దగ్గర; ఈ అంకె ఎంత తక్కువైతే ఆమ్లగుణం అంత ఎక్కువ. మంట పుట్టిందంటే చర్మం వాచిందని అర్థం; ఆ వాపు తగ్గాక మిగిలేది మచ్చే. వంటసోడా, టూత్‌పేస్ట్ కూడా ఇంతే.

ఇక ఆ క్రీమ్. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అని ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. వాపును అణచి, రంగును తాత్కాలికంగా పలచబరుస్తుంది, అందుకే తగ్గినట్టు అనిపించింది. గజ్జల్లో చర్మం మడతపడి ఉంటుంది కాబట్టి మందు మరింత లోపలికి ఇంకుతుంది. వాడగా వాడగా చర్మం పలచబడి, ఎర్రటి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. నలుపు అంచు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతూ దురద పెడుతుంటే అది ఫంగస్ వల్ల వచ్చే తామర కావచ్చు. తామర మీద స్టెరాయిడ్ రాస్తే పైకి చల్లబడి, అడుగున పాకుతుంది. అలా ఉంటే ఇంట్లో ప్రయోగాలు ఆపి చర్మవైద్యులకు చూపించండి.

దురద లేకపోతే మొదటి నెల చర్మానికి విశ్రాంతినివ్వడమే వైద్యం. పీచు, స్క్రబ్బు ఆపేయండి. గజ్జలకు, తొడలకు గాఢత లేని సబ్బు చేత్తో రాసి కడిగితే చాలు. యోని లోపల సబ్బు అసలు వద్దు. మెత్తటి తువ్వాలుతో అద్దుకుని, పూర్తిగా ఆరాక శనగగింజంత వ్యాజలీన్ రెండు తొడలకూ పలచగా పూయండి. చీర, చుడీదార్ లోపల మోకాళ్ల దాకా వచ్చే నూలు షార్ట్స్ వేసుకుంటే ఒరిపిడి తగ్గుతుంది. నెలసరిలో ప్యాడ్ 4–6 గంటలకోసారి మార్చండి. వెంట్రుకలు తీసే క్రీములు వద్దు. చిన్న కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు. షేవింగ్ తప్పనిసరైతే 5 నిమిషాలు గోరువెచ్చని నీళ్లతో తడిపి, వెంట్రుకలు పెరిగే దిశలోనే, కొత్త బ్లేడుతో చేయండి.

మంట పూర్తిగా పోయాకే నలుపు తగ్గించే క్రీముల్లో 5 శాతం నియాసినమైడ్ గానీ 10 శాతం అజెలాయిక్ యాసిడ్ గానీ ఉన్నది రాత్రి రాయండి. ముందు మోచేతి లోపలి వైపు మూడు రాత్రులు రాసి చూసుకోండి. తర్వాత రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, తొడల చర్మం మీద మాత్రమే. జననాంగాల తడి భాగానికి తగలకూడదు. కాసేపు చురుక్కుమనడం మామూలే. మంట తగ్గకుండా పెరుగుతుంటే కడిగేయండి. తేడా కనపడటానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, పెళ్లినాటికి మొత్తం పోతుందని చెప్పలేం. అలాగని పెళ్లి దగ్గర పెట్టుకుని పీల్స్ (రసాయనంతో చర్మం పైపొర తీసేయడం), లేజర్ జోలికి వెళ్లకండి. అక్కడ చర్మం కాలితే మచ్చ ఇప్పటికంటే ముదురుతుంది.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, 92 కిలోల బరువు. మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో నల్లగా, మందంగా తయారైంది. ఎంత తోమినా పోవడం లేదు.

జవాబు: అది మట్టి కాదు, తోమితే పోదు. వేలితో తాకి చూడండి, మఖమల్ గుడ్డలా తగులుతుంది. చిన్న చిన్న పులిపిర్లు కూడా ఉండొచ్చు. దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తంలో దాని మోతాదు పెరిగినప్పుడు చర్మకణాలు అతిగా పెరుగుతాయి. ఆడవాళ్లలో నెలసరి తప్పుతూ ఇలా ఉంటే పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండాశయాలకు వచ్చే సమస్య) ఉందేమో చూడాలి. మీరు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పేది) పరీక్షలు చేయించుకోండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే షుగరు గుమ్మంలో ఉన్నట్టు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే వచ్చినట్టే. బరువు తగ్గితే చర్మం మెత్తబడటం మొదలవుతుంది. ఒకవేళ ఇది బరువు పెరగకుండానే కొద్ది వారాల్లో హఠాత్తుగా వ్యాపించినా, ఎక్కడైనా ఒకే మచ్చ పెరుగుతూ రంగు మారినా, పుండు పడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.