మంచూ రాణులు ఆ ఎత్తు జోళ్లతో నిజంగా నడిచేవారా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. చైనా సీరియల్స్‌లో రాజభవనం ఆడవాళ్లు వేసుకునే, అరికాలి మధ్యలో దిమ్మ ఉన్న ఎత్తు జోళ్లతో నిజంగా నడవగలిగేవారా అనేది ఒకటి. పాదాలు కట్టేసుకునే ఆడవాళ్ల జోళ్లు ఇవేనా అనేది రెండోది. ముందు రెండోదానికి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

కావు, అవి వేరు. పాదాలు కట్టే ఆచారం చైనాలో ఎక్కువ సంఖ్యలో ఉన్న హాన్ జాతివాళ్లది. ఆడపిల్లల కాలివేళ్లను చిన్నప్పుడే అరికాలి కిందికి మడిచి, గుడ్డతో బిగించి, పాదం పెరగకుండా చేసేవారు. మంచూలు ఈశాన్యం నుంచి వచ్చి 1644లో బీజింగ్‌ను రాజధాని చేసుకున్నవాళ్లు. అంతకుముందే, 1638లో, వాళ్ల పాలకుడు హాంగ్ తైజీ తమ ఆడవాళ్లు పాదాలు కట్టుకోకూడదని ఆజ్ఞ వేశాడు. తర్వాత కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో హాన్ స్త్రీలకూ నిషేధం పెట్టారు కానీ అది నిలవలేదు, 1668లో ఎత్తేశారు. మంచూ ఇళ్లలో మాత్రం సాధారణంగా పాదాన్ని ముట్టుకోలేదు. ఎత్తంతా జోడుదే.

ఇక నడక సంగతి. నడవొచ్చు, కానీ మనం నడిచే పద్ధతిలో కుదరదు. ఇది నేను వేసుకుని చూసి చెప్తున్న మాట. ఉద్యోగం పని మీద బీజింగ్‌లో ఉన్నప్పుడు, పాత రాజభవనం ఫర్బిడెన్ సిటీ తూర్పు ద్వారం దగ్గర సందుల్లో క్వింగ్ (మంచూల రాజవంశం) కాలపు దుస్తులు అద్దెకిచ్చే షాపులో ఒక జత తీసుకున్నాను. మామూలు హైహీల్స్‌లో ఎత్తు మడమ కింద ఉంటుంది, బరువు ముందుకు వేళ్ల మీదకి జారుతుంది. ఇందులో దిమ్మ సరిగ్గా పాదం నడిమిన ఉంటుంది. ముందు వేళ్లు, వెనక మడమ రెండూ గాల్లోనే. మడమ ఆనించి వేళ్ల మీదుగా అడుగు తీయడం అలవాటైన మనకు అక్కడ ఆనించడానికి ఏమీ దొరకదు. షాపావిడ ఒకటే చెప్పింది: కాలు నిటారుగా ఎత్తు, నిటారుగా దించు, కిందికి చూడకు. కూచిపూడిలో పాదం మొత్తం ఒక్కసారిగా నేలకు తట్టినట్టు దిమ్మ మొత్తం ఒకేసారి దిగాలి. అలా వేస్తే అడుగు చిన్నదవుతుంది, నడుం దానంతటదే నిలబడుతుంది, చేతులు బ్యాలెన్స్ కోసం మెల్లగా ఊగుతాయి. సీరియల్స్‌లో చేతిరుమాలు ఊపుకుంటూ నడవడం వట్టి వయ్యారం కాదని అప్పుడే తెలిసింది. కదలకుండా నిలబడటం నడవడం కంటే కష్టం. ఇంకా కష్టం గడపలు. ఆ భవనాల్లో గడపలు బాగా ఎత్తు, పైగా పొడవాటి గౌను జోళ్లను కప్పేస్తుంది కాబట్టి కాలు ఎక్కడ పెడుతున్నామో కనపడదు. పక్కన ఒక మనిషి చెయ్యి ఆసరా ఇవ్వడం ఎందుకో నాకు ఆ గడప దగ్గర బాగా అర్థమైంది.

దిమ్మల్లో రకాలున్నాయి. పూలకుండీ దిమ్మ పైన వెడల్పుగా ఉండి కిందికి సన్నబడుతుంది. గుర్రపు డెక్క దిమ్మ పైన సన్నం, కింద వెడల్పు. దాని ముందువైపు చదునుగా, వెనక గుండ్రంగా ఉండడంతో మట్టిలో పడిన అచ్చు గుర్రం డెక్కలాగే ఉంటుంది. ఎత్తు మామూలుగా 5 నుంచి 10 సెంటీమీటర్లు, కొన్ని 15 దాకా, అంతకుమించినవీ ఉన్నాయి. చెక్కతో చేసి, తెల్లటి గుడ్డ చుట్టేవారు లేదా తెల్లరంగు పూసేవారు. నేలకు తగలని పక్కభాగాల్లో పూసలు, ఎంబ్రాయిడరీ. పైభాగం పట్టు, ముందువైపు కుచ్చులు. చెక్క ఎంత గట్టిదంటే పైనున్న పట్టు చిరిగిపోయినా దిమ్మ చెక్కుచెదరదు, దానికే కొత్త పట్టు కుట్టించుకునేవారు. ఎత్తు జోళ్లు పడుచువాళ్లవి. వయసు పైబడినవాళ్లు చదునైన చెక్క అడుగు ఉన్నవే వేసేవారు.

ఎందుకు పుట్టాయన్నదానికి కథలు చాలానే ఉన్నాయి. అడవిలో పుట్టగొడుగులు ఏరే ఆడవాళ్లు పాములు, పురుగుల భయంతో కాళ్లకు చెక్కముక్కలు కట్టుకున్నారని ఒకటి, బురద దాటడానికి కట్టుకున్నారని ఇంకొకటి. జానపద కథలుగా బాగుంటాయి. హాన్ స్త్రీల ఊగే నడకకు పోటీగా, పాదం చెడకుండా అదే నడక తెచ్చుకోవడానికి ఇవి వచ్చాయనే వాదన కూడా ఉంది. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఒకటి రాత్రికి తీసి పక్కన పెట్టే జోడు, రెండోది ఒక పసిపిల్ల ఎముకలు విరిచి జీవితాంతం మిగిల్చే నొప్పి. 1902లో రాజమాత త్సీషీ పాదాలు కట్టడం మానమని హాన్ ప్రజలకు ఆజ్ఞాపత్రం ఇచ్చింది. ఆమె మంచూ స్త్రీ, పాదాలు కట్టించుకోలేదు.

సీరియల్స్ చూసేటప్పుడు ఇంకో విషయం గుర్తుంచుకోండి. మ్యూజియంలలో దాచిన బాగా ఎత్తైన జతల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దానివి. 18వ శతాబ్దపు కథల్లో ప్రతి రాణికీ అంత ఎత్తు తొడగడం దర్శకుడి ఇష్టం. ఆ చివరి రోజుల అలంకరణ అసలు ఎలా ఉండేదో చూడాలంటే 1903 నుంచి ఆస్థాన ఫొటోగ్రాఫర్ షున్‌లింగ్ తీసిన త్సీషీ ఫొటోలు వెతకండి, నెట్‌లో సులువుగా దొరుకుతాయి. 1912లో సామ్రాజ్యం పోయాక మంచూ గుర్తింపు చూపించుకోవడమే చాలామందికి టెన్షన్ అయింది, ఈ జోళ్లు కూడా వాడుకలోంచి పోయాయి.

మీరూ బీజింగ్ వెళ్తే తప్పకుండా వేసుకుని చూడండి. తక్కువ ఎత్తు, కింద వెడల్పున్న డెక్క దిమ్మ అడగండి. షాపులోనే గోడ పట్టుకుని కాసేపు నడిచి, అప్పుడు బయటికి రండి.